ఎర్ర సముద్రానికి నూలు పగడాలు

సౌదీ అరేబియాలో జెడ్డాకు ఉత్తరాన, ఎర్ర సముద్రపు థువల్ తీరంలో 2010లో, మళ్లీ 2015లో పగడపు దిబ్బలు తెల్లబారాయి. పగడం రాయిలా కనిపించినా ప్రాణి. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మమైన నాచు ఎండతో ఆహారం వండి పెడుతుంది, రంగు కూడా చాలావరకు దానిదే. నీళ్లు వారాల తరబడి వేడెక్కితే ఆ పొత్తు చెడి నాచు వెళ్లిపోతుంది, లోపలి సున్నపు గూడు తెల్లగా బయటపడుతుంది. వేడి త్వరగా తగ్గితే పగడం కోలుకుంటుంది, లేదంటే ఆకలితో చస్తుంది. అడవి తగలబడితే ఊరంతా పొగ చూస్తుంది. ఈ చావు మాత్రం ఈతగాళ్లకూ పరిశోధకులకూ తప్ప ఎవరికీ కనబడదు.

ఇలాంటి చావు కనబడేలా చెయ్యాలని ఆస్ట్రేలియాలో పుట్టిన అక్కచెల్లెళ్లు మార్గరెట్, క్రిస్టీన్ వెర్తైమ్ 2005లో లాస్ ఏంజెలెస్‌లో క్రోషె సూదితో పగడాలు అల్లడం మొదలుపెట్టారు. ఆ కిటుకు గణితవేత్త డైనా టైమిన్యాది. 1997లో ఆమె కొన్ని కుట్లకోసారి ఒక కుట్టు అదనంగా వేస్తూ పోయింది. అంచు లోపలికంటే వేగంగా పెరిగి మడతలు పడింది. కొన్ని పగడాలూ ఇలాగే ముడతలుగా పెరుగుతాయి, ఆహారం పట్టడానికి ఎక్కువ ఒళ్లు దొరుకుతుంది. నరసాపురం లేసు అల్లే ఆడవాళ్లకు ఇది తెలిసిన సంగతే. గుండ్రటి బల్లగుడ్డ చదునుగా రావాలంటే వాళ్లు ఏ కుచ్చును రానివ్వరో, పగడానికి సరిగ్గా ఆ కుచ్చే కావాలి.

తర్వాత ఎన్నో దేశాల్లో, ఎక్కువగా ఆడవాళ్లే, జట్లుగా కూర్చుని తమ ఊరి దిబ్బలు అల్లారు. తెల్లబారినవి తెల్ల నూలుతో, చెత్త నిండినవి ప్లాస్టిక్ సంచులు చింపి. 2014లో ఈ పని అబుదాబీలోని న్యూయార్క్ యూనివర్సిటీ క్యాంపస్‌కూ వచ్చింది. నూలు పగడం నీటిని చల్లబరచదు, నిజమే. కానీ గంటల తరబడి ఒక కొమ్మ అల్లిన మనిషి పగడం పేరు చూసి పేజీ తిప్పెయ్యదని నేను గట్టిగా నమ్ముతాను. ఊరేగింపులూ నిరసన ప్రదర్శనలూ నిషిద్ధమని 2011లో హోంశాఖ ప్రకటించిన సౌదీలో, పదిమంది కలిసి చేసే చేతిపనికి మరింత విలువుంది.

అక్కడి ఆడవాళ్లకు ఆ అలవాటు కొత్తదీ కాదు. బెదూయిన్ స్త్రీలు నేల మగ్గం మీద గుడారాలకూ ఒంటె జీనులకూ నేసే సదూ అనే నేతపనిని 2020లో యునెస్కో సౌదీ, కువైట్‌ల ఉమ్మడి వారసత్వంగా గుర్తించింది. గొర్రె ఉన్ని, మేక వెంట్రుక, ఒంటె బొచ్చు దాని ముడిసరుకు. కానీ బజారులో దొరికే అక్రిలిక్ నూలు ప్లాస్టిక్కే, ఉతికినప్పుడల్లా సన్నటి పోగులు రాలుస్తుంది, వాటిలో కొన్ని చివరికి సముద్రంలో కలుస్తాయి. పగడం కోసం అల్లే దారం పగడానికి హాని చెయ్యకూడదు. ఎర్ర సముద్రపు దిబ్బను అల్లాలంటే జీవాల ఉన్నితోనే అల్లాలి. తెల్లబారిన కొమ్మలకైతే గొర్రె ఉన్నికి అద్దకం కూడా అక్కర్లేదు.