చేప దారి ఎరిగినవారు

ఆరెగాన్‌లో మొదలై ఉత్తర కాలిఫోర్నియా మీదుగా పసిఫిక్‌లో కలిసే క్లామత్ నది మీద ఉన్న నాలుగు జలవిద్యుత్ ఆనకట్టలను 2023, 2024లలో కూల్చేశారు. 2024 అక్టోబరులో పని ముగిసిన రెండు వారాలకే ఆనకట్టల ఎగువన ఆరెగాన్‌లోని ఒక ఉపనదిలో చినూక్ సాల్మన్ కనిపించింది. 1912 తర్వాత అది అక్కడికి చేరడం అదే మొదటిసారి. మన పులసలాగే సాల్మన్ కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నదికి ఎదురీదుతుంది. ఈ విజయాన్ని ఇంజనీర్ల ఘనతగా చెప్పుకోవచ్చు. కానీ ఆ దారి తెరిపించింది యూరోక్, కారుక్, క్లామత్ తెగల ఆదివాసులు. వాళ్ల జ్ఞానం అక్కరకొచ్చింది, దాని వెనుక చట్టబద్ధమైన హక్కు ఉంది కాబట్టే.

ఆనకట్టల లైసెన్సు గడువు 2006లో తీరింది. కొత్త లైసెన్సు ఇవ్వాలంటే చేపలకు దారి వదలాలా అన్నది పెద్ద వివాదమైంది. ఎగువ క్లామత్‌కు సాల్మన్ అసలెప్పుడైనా వచ్చిందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. పెద్దల కాలంలో అక్కడ సాల్మన్ పట్టేవారని క్లామత్ తెగవారు చెబుతూనే వచ్చారు. 1864 ఒప్పందంలో చేపలవేట హక్కును నిలుపుకున్నారు కూడా. జీవశాస్త్రవేత్తలు ఆ నోటిమాటను పాత ఫొటోలతో, పత్రాలతో సరిచూశారు. 2006లో జరిగిన విచారణలో చేపల దారి కోరిన ప్రభుత్వ శాఖల వాదనే నిలిచింది. తర్వాతి ఏళ్లలో, పురాతన స్థలాల్లో దొరికిన ఎముకల డీఎన్‌ఏ వసంతంలో వలసొచ్చే సాల్మన్ కూడా ఎగువకు చేరేదని తేల్చింది. చేపలు ఎక్కి దాటే మెట్లు కట్టడంకంటే ఆనకట్టలు తీసేయడమే చౌక గనుక వాటిని నడిపే కంపెనీ ఒప్పుకుంది, ఇందులో ఆదివాసుల ప్రమేయమేముంది అనేవాళ్లున్నారు. ఖర్చు లెక్క నిజమే. అయితే మెట్లు కట్టి తీరాలన్న షరతు లేకపోతే ఆ లెక్కే పుట్టేది కాదు. ఆ షరతు వెనుక ఉన్న సాక్ష్యాల్లో తెగల జ్ఞాపకం ఒకటి.

జ్ఞాపకం ఒక్కటే శాస్త్రం కాదన్న అభ్యంతరమూ సబబే. అందుకే దాన్ని పరీక్షకు పెట్టాలి. వేసవిలో అడవి పొగ నదిని చల్లబరుస్తుందని కారుక్ పెద్దల మాట. 2018లో వెలువడిన అధ్యయనంలో క్లామత్ పరీవాహకంలో పొగ ఎక్కువున్న రోజుల్లో నీటి ఉష్ణోగ్రత తగ్గినట్టు తేలింది. సూర్యకాంతిని పొగ అడ్డుకోవడమే కారణం. అక్కడ కొలిచింది కార్చిచ్చు పొగను, తెగలవారు పద్ధతిగా పెట్టే మంటల పొగను కాదు. అయినా పరీక్షించదగిన ప్రశ్నను చూపించింది వాళ్లే. వేడెక్కిన నీళ్లు సాల్మన్‌కు ప్రాణాంతకం. 2002 సెప్టెంబరులో నదిలో నీరు తక్కువై, వేడెక్కి, మొప్పల వ్యాధులు సోకి కనీసం 34,000 పెద్ద చేపలు చచ్చి తేలాయి.

ఆనకట్టల వెనుక జలాశయాలు ఖాళీ కాగానే కనిపించింది బురద నేల. యూరోక్ బృందాలు చుట్టుపక్కల స్థానిక మొక్కల విత్తనాలను ఏళ్ల ముందునుంచే సేకరించాయి. వాటిని నర్సరీల్లో పెంచి కోట్ల సంఖ్యలో విత్తనాలు సిద్ధం చేశారు. 2024 జనవరిలో నీరు దిగుతుండగానే, తడి ఆరి నేల గట్టిపడకముందే చేత్తో చల్లడం మొదలుపెట్టారు. ఖాళీ నేల దొరికితే బయటి కలుపు మొక్కలు ముందే ఆక్రమించేస్తాయి.

అన్నీ సవ్యంగా సాగలేదు. 2024లో హేచరీనుంచి వదిలిన లక్షల చేపపిల్లలు కూల్చిన నాలుగింటిలో ఒకటైన ఐరన్ గేట్ ఆనకట్ట సొరంగం దాటేటప్పుడు ఒత్తిడి మార్పు తట్టుకోలేక చనిపోయాయి. మొదటి ఏడాది వచ్చిన చేపలను చూసి నది బాగుపడిందని చెప్పలేం; సముద్రంలో మేత, వాన, వేసవి వేడి అన్నీ ఆ సంఖ్యను మారుస్తాయి. ఎగువన లింక్ రివర్, కీనో ఆనకట్టలు ఇంకా ఉన్నాయి. రైతులకూ చేపలకూ నీటి వాటా తగాదా తెగలేదు. 2013లో ఆరెగాన్ రాష్ట్రం క్లామత్ తెగల నీటి హక్కు అనాదిగా ఉన్నదని గుర్తించింది. వానలు ముఖం చాటేసిన ఏళ్లలో ఆ వాటా తేల్చే చర్చలో ఇక వాళ్లను పక్కనపెట్టడం కుదరదు.