పికప్ బండి షాకబ్జర్లు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు

తెల్లవారకముందే కోసి, పుచ్చులూ పగుళ్లూ ఏరేసి, గట్టి కాయ చూసి క్రేట్లకెత్తిన టమాటా మార్కెట్ యార్డు చేరేసరికి మెత్తబడి నీరు కారుతోందా? తప్పు కాయది కాకపోవచ్చు. అదే తోవలో, అదే కాయతో పక్క రైతు బండి వస్తోంది. ఆయన సరుకు బాగానే ఉంటోంది. అలాంటప్పుడు తోవ గతుకులను తిట్టుకుని ఊరుకోకుండా మీ బండి వెనక చక్రాల దగ్గర ఒకసారి వంగి చూడండి. షాక్ అబ్జార్బర్లు, మన మెకానిక్కుల మాటలో షాకబ్జర్లు, అయిపోయి ఉండవచ్చు.

ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి పాత పికప్ బండి కొనుక్కుని సొంతంగా సరుకు తోలుకోవడం ఇప్పుడు చాలా ఊళ్లలో ఉన్నదే. ఇంజను ఆగితే వెంటనే షెడ్డుకు పరుగెడతాం. షాకబ్జర్ పోయినా బండి నడుస్తూనే ఉంటుంది గనుక దాన్ని ఎవరూ పట్టించుకోరు. నష్టం మాత్రం కాయలో, టైర్లలో, బ్రేకులో కొంచెం కొంచెంగా జరిగిపోతుంటుంది. వెనక షాకబ్జర్లు మార్చడం కొద్దిపాటి పానాలు పట్టడం వచ్చిన వాళ్లు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే. అయితే ఏది చేయవచ్చో, ఏది చేయకూడదో ముందు తెలిసి ఉండాలి.

బరువు మోసేది ఒకటి, ఊపు ఆపేది ఒకటి

బండి బరువునూ సరుకు బరువునూ మోసేవి కమాను పట్టీలు. షాకబ్జర్ బరువు మోయదు. చక్రం గుంతలో పడి లేచినప్పుడు కమాను వంగి మళ్లీ పైకి తంతుంది. దాన్ని పట్టి ఆపేవాళ్లు లేకపోతే బండి నాలుగైదు సార్లు ఊగుతుంది. ఆ ఊపును ఒకటి రెండు ఊపులతోనే ఆపేది షాకబ్జర్.

దాని లోపల గొట్టంలో నూనె, నూనెలో ఒక పిస్టను ఉంటాయి. పిస్టనుకు సన్నని బెజ్జాలు ఉంటాయి. చక్రం ఎగిరినప్పుడల్లా నూనె ఆ బెజ్జాల గుండా ఇరుకుగా దూరి వెళ్లాలి. మందు కొట్టే పంపు పిడిని గబగబా నొక్కబోతే చేతికి ఎలా బిగువు తగులుతుందో, ఇక్కడా అంతే. ఆ రాపిడిలో ఊపు కాస్తా వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. సీలు అరిగి నూనె కారిపోయినా, లోపలి కవాటాలు అరిగినా ఆ బిగువు పోతుంది. పైకి గొట్టం చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, కానీ పని చేయదు.

ఈ తేడా తెలియక చాలామంది డబ్బు పోగొట్టుకుంటారు. సరుకు ఎక్కించగానే బండి వెనక బాగా కిందికి దిగిపోతుంటే అది కమాను బలం తగ్గడం వల్ల, లేదా బరువు మించడం వల్ల. కొత్త షాకబ్జర్లు వేసినా అది లేవదు. అలాగే బండి ఊగుతోందని కమానుకు ఇంకో పట్టీ చేర్పిస్తే ఊపు తగ్గదు. పట్టీ పెరిగితే తన్ను ఇంకా గట్టిపడుతుంది. దాన్ని ఆపడం ఉన్న షాకబ్జర్‌కు మరీ కష్టమవుతుంది.

పోయిందని గుర్తు పట్టడం ఎలా?

కారుకైతే మూల మీద చేత్తో నొక్కి వదిలి, ఎన్నిసార్లు ఊగుతుందో చూస్తారు. ఖాళీ పికప్‌కు వెనక కమాన్లు గట్టిగా ఉంటాయి కనుక చేతి నొక్కుడుకు అసలు వంగవు. ఆ పరీక్ష ఒక్కటే నమ్ముకోవద్దు. కింది గుర్తులు చూడండి.

నూనె కారడం: గొట్టం మీద సన్నగా తేమ, దాని మీద దుమ్ము ఉంటే భయం లేదు. నూనె చారలు కట్టి కిందికి కారుతుంటే సీలు పోయినట్టే. గుడ్డతో తుడిచి, రెండు రోజులు బండి తోలి మళ్లీ చూడండి. మళ్లీ తడిసిందంటే మార్చాల్సిందే.

వేడి: గతుకుల తోవలో కొంతసేపు తోలి ఆపిన వెంటనే రెండు వైపులా గొట్టాలను వేలితో మెల్లగా తాకి చూడండి. పని చేసే షాకబ్జర్ వెచ్చగా ఉంటుంది. ఒకటి వెచ్చగా, రెండోది చల్లగా ఉంటే ఆ చల్లనిది పని చేయడం లేదు. పక్కనే సైలెన్సరు గొట్టం ఉంటే చేయి కాలకుండా చూసుకోవాలి.

టైర్ల అరుగుదల: టైరు చుట్టూ అరచేత్తో తడిమితే అక్కడక్కడ గుంటలు, మిట్టలు తగులుతాయి. చక్రం నేలను వదిలి ఎగిరెగిరి పడుతోందని దీని అర్థం. గాలి తక్కువైనా, చక్రం బ్యాలెన్సు తప్పినా టైరు తేడాగా అరుగుతుంది కనుక వాటినీ చూసుకోండి.

నడకలో తేడా: మలుపులో బండి ఒక పక్కకు ఎక్కువగా ఒరుగుతుంది. గతుకుల మీద బ్రేకు వేస్తే వెనక చక్రాలు ఎగిరి జారినట్టవుతుంది. టైరు నేలకు అంటుకుని ఉన్నప్పుడే బ్రేకు పట్టేది. అంటే షాకబ్జర్ పోయిన బండి ఆగడానికి ఎక్కువ దూరం తీసుకుంటుంది. వాన తోవలో ఇది ప్రాణాల మీదికి తెస్తుంది.

సరుకు: పై వరుస క్రేట్లలో, ఇరుసుకు వెనక చివరన ఉన్న క్రేట్లలో కాయ ఎక్కువగా నలుగుతుంటే ఊపు ఎక్కువైందని గ్రహించాలి.

ఏవి మార్చుకోవచ్చు? ఏవి ముట్టుకోరాదు?

కమాను పట్టీల మీద నడిచే ఇరుసుకు, పట్టీలతో సంబంధం లేకుండా విడిగా బిగించిన షాకబ్జర్ అయితే ఇంటి దగ్గర మార్చుకోవచ్చు. మన పికప్‌లకు, చిన్న ట్రక్కులకు ఎక్కువగా వెనక ఉండేది ఈ రకమే.

చుట్ట స్ప్రింగు మధ్యలో షాకబ్జర్ దూర్చి రెండూ ఒకే ముక్కగా ఉంటే దాన్ని విప్పవద్దు. స్ప్రింగు నొక్కుకుని ఉంటుంది. నట్టు వదలగానే తుపాకి గుండులా ఎగిరి మనిషిని చంపగలదు. కొన్ని బండ్లకు ముందు వైపు ఈ రకం ఉంటుంది. దాన్ని వర్క్‌షాపులోనే మార్పించాలి. బండికి ఇంకా వారంటీ ఉన్నా ఇంట్లో విప్పకండి.

కొనేటప్పుడు

రెండు పక్కలా ఒకేసారి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి ఒక పక్కకు లాగుతుంది. బండి పేరు చెబితే చాలదు. ఏ మోడలు, ఏ సంవత్సరం, ముందుదా వెనకదా చెప్పండి. వీలైతే పాతది పట్టుకెళ్లి పక్కన పెట్టి చూడండి. రెండు చివరల కళ్ల బెజ్జం, వెడల్పు సరిపోవాలి. పూర్తిగా మూసినప్పుడూ, పూర్తిగా లాగినప్పుడూ పొడవు కలవాలి. రబ్బరు బుష్‌లు, వాషర్లు, నట్లు కొత్తవి తీసుకోండి. బిల్లు తప్పకుండా రాయించుకోండి. నూనె నింపి, రంగు వేసి అమ్మే పాతవాటి జోలికి పోవద్దు.

బండి కింద చేరే ముందు

ఈ పనిలో ప్రమాదమంతా ఇక్కడే ఉంది. పానా జారితే వేలు చీరుకుంటుంది. బండి జారితే మనిషి మిగలడు.

మొదట ఒక మంచి మాట. వెనక కమాన్లున్న పికప్‌కు షాకబ్జర్ మార్చడానికి చాలావరకు జాకీ అవసరమే ఉండదు. నాలుగు చక్రాలు నేల మీదే ఉంచి, చక్రం వెనక నుంచి చేయి పెట్టి పని చేసుకోవచ్చు. బండి ఖాళీ చేయండి. గట్టి, చదునైన నేల మీద నిలపండి. హ్యాండ్ బ్రేకు లాగి, మొదటి గేరులో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా అడ్డు చెక్కలు వేయండి. తాళం చెవి మీ జేబులోనే ఉండాలి. పిల్లలను దగ్గరకు రానివ్వకండి. తోడుగా ఇంకో పెద్ద మనిషి ఉండాలి.

చోటు చాలక ఎత్తక తప్పకపోతే జాకీ ఎత్తడానికే తప్ప నిలపడానికి కాదని గుర్తుంచుకోండి. ఎత్తిన వెంటనే ఛాసిస్ కింద, లేదా ఇరుసు కింద బరువుకు తగ్గ ఇనుప స్టాండ్లు రెండు పక్కలా పెట్టి బరువు వాటి మీదికి దించాలి. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు, రాళ్ల పేర్పు పనికిరావు. బరువు పడితే చెప్పకుండా పగులుతాయి. నల్లరేగడి నేలలో, తడి కళ్లంలో అసలు ఎత్తవద్దు, జాకీ దిగబడుతుంది. స్టాండ్లు లేకపోతే ఆ రోజు పని మానుకోండి.

విప్పడం

ముందురోజు సాయంత్రమే ఇనుప బ్రష్‌తో నట్ల మీది మట్టి గీకి, తుప్పు వదిలించే నూనె పట్టించండి. రాత్రంతా నానితే తెల్లారి సగం శ్రమ తగ్గుతుంది.

1. ఒక పక్క పూర్తిగా అయ్యాకే రెండో పక్క మొదలుపెట్టండి. విప్పని పక్క మీకు నమూనాగా ఉంటుంది. వాషర్లు, బుష్‌ల వరసను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. గొట్టం ఏ చివర పైకి ఉందో చూసుకోండి.

2. రింగు పానాతో నట్టు, ఇంకో పానాతో బోల్టు తల పట్టి వదులు చేయండి. పానాకు గొట్టం తొడిగి లాగేటప్పుడు ఒంటి బరువంతా వేసి కుదపకండి.

3. ముందు కింది నట్టు, తర్వాత పై నట్టు తీయండి. కన్ను బయటికి రాకపోతే అటూ ఇటూ తిప్పుతూ సుత్తితో మెల్లగా తట్టండి. పక్కనే బ్రేకు పైపు ఉంటుంది, దానికి దెబ్బ తగలకూడదు.

4. ఎంత బిగిసినా గ్యాసు మంటతో కాల్చవద్దు. లోపల నూనె, కొన్నింటిలో ఒత్తిడి మీద నింపిన గ్యాసు ఉంటాయి. పగిలే ప్రమాదం ఉంది.

తీసిన పాతదాన్ని నిలబెట్టి చేత్తో నొక్కి లాగి చూడండి. అటూ ఇటూ బిగువు లేకుండా జారిపోతుంటే, లేదా మధ్యలో ఒకచోట పట్టు తప్పుతుంటే మీ అనుమానం నిజమే.

చేయి ఎలాగూ కింద ఉంది కనుక కమాను పట్టీలకు చీలిక ఉందేమో, యు క్లాంపు నట్లు వదులయ్యాయేమో, బ్రేకు డ్రమ్ము దగ్గర నూనె కారుతోందేమో చూసుకోండి. షాకబ్జర్ తగిలించే పిన్ను విరిగినా, మరలు అరిగిపోయినా మెకానిక్కుకు చూపించాలి. ఛాసిస్ మీద సొంతంగా వెల్డింగు పెట్టించవద్దు.

బిగించడం

కొత్తది పెట్టెలో పడుకోబెట్టి ఉంటుంది కనుక నూనెలోకి గాలి చేరి ఉండవచ్చు. బండికి తగిలించే తీరులోనే నిలబెట్టి నాలుగైదు సార్లు పూర్తిగా లాగి నొక్కండి. బిగువు సమానంగా తగిలాక పడుకోబెట్టకుండా బిగించండి. పట్టీతో కట్టి వచ్చే గ్యాసు రకాన్ని ముందు పై చివర తగిలించి, తర్వాత పట్టీ కత్తిరించాలి. అది తనంతట తానే సాగుతుంది కనుక వేళ్లు మధ్యలో పెట్టకండి.

నట్లు ముందు చేత్తోనే తిప్పి ఎక్కించండి. మర తప్పి ఎక్కితే పిన్నే పాడవుతుంది. ఆఖరి బిగింపు మాత్రం బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే చేయాలి. ఇది చాలామంది మెకానిక్కులు కూడా మరిచిపోయే సంగతి. ఇరుసు వేలాడుతుండగా బిగిస్తే, బండి దించగానే కంట్లోని రబ్బరు మెలిపడి కొద్ది నెలలకే చిరిగిపోతుంది. జాకీ ఎత్తకుండా పని చేసిన వారికి ఈ బాధ లేదు.

కన్ను లేకుండా పైన మర ఉన్న రకమైతే రబ్బరు బుష్ వాషరు అంచు దాకా కొంచెం ఉబ్బేవరకు బిగిస్తే చాలు. నలిగిపోయేదాకా బిగించకూడదు. ఎంత బిగించాలో బండితో వచ్చిన పుస్తకంలో కొలత ఉంటే అదే పాటించండి.

ఆ తర్వాత

ఖాళీ బండిని ఊళ్లోనే మెల్లగా తిప్పి, బ్రేకు వేసి చూడండి. టకటకమని చప్పుడు వస్తే ఎక్కడో వదులుంది. మొదటి ట్రిప్పు సరుకు తోలి వచ్చాక నట్లన్నీ మరోసారి పానా పెట్టి చూడాలి. తీసేసిన వాటిని మంటలో వేయవద్దు, బెజ్జం కొట్టవద్దు. పాత ఇనుము కొనేవారికి ఇచ్చేయండి. కారిన నూనెను బావి గట్టున, పొలంలో పారబోయకండి.

చివరగా, కొత్త షాకబ్జర్లు వేశాం కదా అని నాలుగు క్రేట్లు ఎక్కువ ఎక్కించకండి. ఆర్‌సీలో రాసిన బరువు షాకబ్జర్ మారినంత మాత్రాన పెరగదు. బరువు మించితే ఇరుసు ఎగిరెగిరి రబ్బరు దిమ్మెకు కొట్టుకుంటుంది, కొత్తవి కూడా త్వరగా పోతాయి. బరువైన క్రేట్లు ఇరుసు మీదికి, ముందుకు సర్దండి. గతుకుల్లో వేగం తగ్గించండి. ఏడాదంతా కష్టపడి పండించిన కాయ యార్డు గేటు దాటేదాకా గట్టిగా ఉంటేనే దానికి ధర.