సైకిలెక్కి కొండ మీదికి

"ఫ్రాన్సులో చదువుకొచ్చావు కదా, అక్కడి యూనివర్సిటీల గురించి ఏమైనా వ్రాసి పంపు" అని సావనీరు కమిటీ వారు ఉత్తరం వ్రాశారు. అక్కడి యూనివర్సిటీల గురించి వ్రాయడానికి నాకంటే తెలివైనవాళ్ళు మన పూర్వ విద్యార్థుల్లో చాలామంది ఉన్నారు. నేను సైకిళ్ళ గురించి వ్రాస్తాను. కమిటీ వారు మన్నింతురు గాక.

హాస్టల్లో ఉన్న రోజుల్లో ఒక ఆదివారం పొద్దున్నే అద్దె సైకిలు తీసుకుని సింహాచలం కొండకి బయల్దేరాం, నేనూ మా సీనియరు ఒకాయనా. ఒకే సైకిలు. నేను తొక్కేవాణ్ణి, ఆయన క్యారియరు మీద కూర్చుని సలహాలిచ్చేవాడు. ఘాట్ రోడ్డు మొదటి మలుపు దగ్గరే ఇద్దరం దిగిపోయాం. మిగతా దారంతా సైకిల్ని మేం మోశామా, అది మమ్మల్ని నడిపించిందా అన్నది ఈనాటికీ తేలలేదు. "ఒరే, కొండ మీదికి సైకిలు తొక్కేవాడు మనిషి కాడురా" అన్నాడాయన చెమట తుడుచుకుంటూ.

ఆ మాట 2022 జూలైలో మళ్ళీ గుర్తొచ్చింది. అప్పుడు నేను గ్రెనోబుల్‌లో రీసెర్చి చేస్తున్నాను. ఆ సీనియరే జెనీవాలో ఉద్యోగం. టూర్ ద ఫ్రాన్స్ పందెం జూలై 14న ఆల్ప్ దుయెజ్ అనే కొండ ఎక్కబోతోందని తెలిసి, ముందురోజు మధ్యాహ్నానికి కారేసుకుని వచ్చేశాడు. గుడారం, నీళ్ళ డబ్బాలు, పులిహోర. గ్రెనోబుల్ నుంచి ఆ కొండ మొదలున్న బూర్ దువాజాన్ అనే ఊరు యాభై కిలోమీటర్లు. అక్కడ కారు వదిలి, సామాను భుజాన వేసుకుని కాలినడకన ఎక్కాం. ఇద్దరికీ సింహాచలం గుర్తొచ్చింది గాని ఎవరం పైకి అనలేదు.

ఈ పందెం సంగతి తెలియని మిత్రుల కోసం నాలుగు మాటలు. 1903లో 'లోతో' అనే ఫ్రెంచి క్రీడా పత్రిక అమ్మకాలు పెంచుకోవడానికి పెట్టిన పందెం ఇది. పత్రిక పసుపుపచ్చ కాగితం మీద అచ్చయ్యేది. అందుకే 1919 నుంచి అందరికంటే ముందున్నవాడికి పసుపు చొక్కా. ఇప్పుడు మూడు వారాల పాటు, రోజుకో దశ చొప్పున 21 దశలు. 2022లో మొత్తం దూరం సుమారు 3,350 కిలోమీటర్లు. 22 జట్లు, జట్టుకి 8 మంది, వెరసి 176 మంది.

ఎవరు గెలిచినట్టు? మన పరీక్షల భాషలో చెప్తాను. ఒక్కో దశ ఒక్కో పేపరు. ఒక పేపరులో ఫస్టు వచ్చినవాడు వేరు, మొత్తం మీద ఫస్టు వచ్చినవాడు వేరు. అన్ని రోజులూ పట్టిన సమయం కూడితే ఎవరిది తక్కువో వాడిదే పందెం. 1990లో అమెరికా వాడు గ్రెగ్ లెమాండ్ ఒక్క దశ కూడా గెలవకుండానే మొత్తం పందెం గెలిచాడు. అంతకుముందు ఏడు, 1989లో, ఆయన గెలిచింది ఎనిమిది సెకన్ల తేడాతో. మూడు వారాల్లో ఎనిమిది సెకన్లు!

ఇక పాసు మార్కు కూడా ఒకటుంది. ఆ సంగతి చివర్లో చెప్తాను, ఎందుకంటే నాకు ఈ పందెంలో అన్నిటికంటే పట్టుకున్నది అదే.

మొదటి ఏళ్ళలో పెద్ద కొండలు లేవు. 1910లో పిరనీస్ పర్వతాలు, 1911లో ఆల్ప్స్ పర్వతాల్లోని 2,642 మీటర్ల గాలిబియే కనుమ చేర్చారు. అప్పటి దారులు మట్టివి, సైకిళ్ళు బరువైనవి. ఎక్కుడుకీ దిగుడుకీ తగ్గట్టు పళ్ళచక్రాలు మార్చే యంత్రం వాడటానికి 1937 దాకా అనుమతే లేదు. 1910లో ఆ కొండలెక్కుతూ ఓక్తావ్ లపీజ్ అనేవాడు నిర్వాహకుల ముఖం మీదే "మీరు హంతకులు" అని తిట్టాడు. తిట్టినవాడే ఆ ఏడు పందెం గెలిచాడు. 1913లో ఎజీన్ క్రిస్తోఫ్ అనే మరొకాయనకి తూర్మలే కొండ దిగుతుంటే ముందు ఫోర్కు విరిగింది. బయటి సాయం పుచ్చుకోకూడదని నియమం. సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, ఒక పల్లెలో కమ్మరి కొలిమి వెతికి, తన చేతులతో తనే అతికించుకున్నాడు. అధికారులు పక్కనే నిలబడి చూస్తున్నారు. కొలిమి తిత్తి ఊదింది మాత్రం ఒక కుర్రాడు. అది బయటి సాయమేనని జరిమానా వేశారు! మన ఇన్విజిలేటర్లని తిట్టుకునేవాళ్ళు ఈ కథ చదవాలి.

సరే, కొండ మీద ఏం జరుగుతుంది? చదును నేల మీద గంటకి నలభై, నలభై అయిదు కిలోమీటర్ల వేగంతో పోయేటప్పుడు అసలు శత్రువు గాలి. ముందువాడి వెనక నక్కి తొక్కితే శ్రమ చాలా భాగం కలిసొస్తుంది. ఎదురుగాలిలో లారీ వెనకాల సైకిలు తొక్కినవాళ్ళకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు. (మన హైవే మీద ఆ పని చెయ్యకండి.) అందుకే జట్టులో ఏడుగురు గాలికి అడ్డుగోడలా ఉండి ఎనిమిదోవాణ్ణి దాచుకుని తీసుకెళ్తారు. నీళ్ళ సీసాలు వాళ్ళే తెస్తారు, అవసరమైతే తమ చక్రం ఊడదీసి ఇస్తారు. కొండ మొదలయ్యేసరికి వేగం సగానికి పడిపోతుంది, గాలి పలచబడ్డ శత్రువవుతుంది, భూమ్యాకర్షణ అసలు శత్రువవుతుంది. దానికి అడ్డు నిలబడేవాడు ఎవడూ లేడు. ఎవడి బరువు వాడే మోసుకోవాలి. అందుకే అక్కడ నాయకుల బలం బయటపడిపోతుంది.

ఆ రాత్రి గుడారం దగ్గర టార్చిలైటు వేసుకుని లెక్క కట్టాం. ఫిజిక్సు వాళ్ళు సరిచూసుకోవచ్చు. ఆల్ప్ దుయెజ్ ఎక్కుడు 13.8 కిలోమీటర్లు, సగటు వాలు నూటికి 8.1, అంటే నిలువున సుమారు 1,120 మీటర్లు. మనిషీ సైకిలూ కలిపి 65 కిలోలనుకుంటే (పందెం సైకిలు 6.8 కిలోల కంటే తేలిగ్గా ఉండకూడదని నియమం) నలభై నిమిషాల్లో ఎక్కడానికి కేవలం బరువునెత్తడానికే దాదాపు 300 వాట్లు కావాలి. పాతకాలపు అరవై కాండిలు బల్బులని మనం పిలిచే అరవై వాట్ల బల్బులు అయిదు నలభై నిమిషాలు ఆగకుండా వెలిగించడమన్నమాట, కాళ్ళతో. అదీ అంతకుముందే రెండు పెద్ద కొండలు ఎక్కి దిగాక. ఇప్పుడు మన సంగతి. నేను 70, అద్దె సైకిలు 20, మొత్తం 90 కిలోలు. మామూలు మనిషి నిలకడగా ఇవ్వగలిగింది 100 వాట్లనుకుందాం. రెండు గంటల నలభై అయిదు నిమిషాలు పడుతుంది. అంటే వేగం గంటకి అయిదు కిలోమీటర్లు.

మా సీనియరు కాగితం వంక చాలాసేపు చూశాడు. "ఒరే, అయిదంటే నడకేగా!"

"నడకే అన్నా. అందుకే దిగి తోసుకుంటూ పోయాం."

"పైగా క్యారియరు మీద నేను" అన్నాడు. పాతికేళ్ళ తర్వాత మొదటిసారి ఒప్పుకున్నాడు.

ఆ సాయంత్రమే ఇంకో వార్త. ముందటి రెండేళ్ళూ పందెం గెలిచిన స్లొవేనియా కుర్రాడు తాదెయ్ పొగాచర్, ఆ రోజు గ్రానోన్ అనే కొండ మీద ఉన్నట్టుండి ఆగిపోయినంత పని చేశాడు. డెన్మార్కు వాడు యోనాస్ వింగెగార్డ్ వాణ్ణి 2 నిమిషాల 51 సెకన్లు వెనక్కి నెట్టి పసుపు చొక్కా తీసుకున్నాడు. చుట్టుపక్కల గుడారాల్లో జనం ఫోన్ల చుట్టూ మూగి అరుస్తున్నారు. చూడవలసింది గ్రానోన్‌ని కాదు, అంతకుముందు గాలిబియే మీద జరిగినదాన్ని. వింగెగార్డ్ జట్టులోనే ప్రిమోజ్ రోగ్లిచ్ ఉన్నాడు. 2020లో ఆఖరికి ఒక్క రోజు ముందు పొగాచర్ చేతిలో పందెం పోగొట్టుకున్నవాడు. 2022లోనూ కింద పడి భుజం తప్పించుకుని, తన ఆశ వదులుకున్నాడు. అటువంటివాడు ఆ రోజు ఒకసారి తను, ఒకసారి వింగెగార్డ్, మార్చి మార్చి దూసుకుపోయారు. ప్రతిసారీ పొగాచర్ వెంటపడక తప్పలేదు. రోగ్లిచ్ ఆ దశలో వెనకబడిపోయాడు. కొన్నాళ్ళకి దెబ్బల బాధకి పందెమే మానేశాడు. పసుపు చొక్కా ఫోటోలో అతను లేడు.

పదమూడో మలుపు దగ్గర మా మకాం. ఈ కొండకి 21 మలుపులు. నంబర్లు కింద 21 నుంచి మొదలై పైన 1తో ముగుస్తాయి. ప్రతి మలుపు దగ్గరా ఇక్కడ గెలిచినవాడి పేరుతో పలక ఉంటుంది. 1952లో మొదటిసారి గెలిచినవాడు ఇటలీ వాడు ఫౌస్తో కొప్పి. ఏడో మలుపు హాలండు వాళ్ళది. నారింజరంగు చొక్కాలు, పొగ, బ్యాండు; మన వినాయక నిమజ్జనం ఊరేగింపు ఒకచోటే ఆగిపోయినట్టుంటుంది. నీడ లేదు, ఎండ మాడుస్తోంది. మధ్యాహ్నం ప్రచారపు బండ్లు వచ్చాయి. 1930 నుంచీ ఉన్న ఆచారం; టోపీలు, తాళంచెవి గొలుసులు జనం మీదికి విసురుతారు. లక్షల జీతగాడు మా సీనియరు ఒక టోపీ కోసం ఒక ముసలావిడతో పోటీపడి ఓడిపోయాడు.

తర్వాత హెలికాప్టరు చప్పుడు. జనం రోడ్డుకి అడ్డంగా వచ్చేశారు. ఇక దారెక్కడ అనుకుంటుండగా ఆ గుంపు రెండుగా చీలింది, మధ్యలోంచి ఒక్కడు. ఇంగ్లండు కుర్రాడు టామ్ పిడ్‌కాక్, ఇంకా 23 నిండలేదు. గాలిబియే దిగుతూ ప్రాణానికి తెగించిన వేగంతో ముందువాళ్ళని కలుసుకుని, ఈ కొండ మీద ఒంటరిగా విడిపోయాడు. నోరు తెరిచే ఉంది, కళ్ళు రోడ్డు మీదే. నాకు చెయ్యి చాపితే అందేంత దూరం. అయిదారు సెకన్లు, అంతే. ఒకరోజు కాపలా కాసింది దానికే. దశ అతనిదే. మూడోవాడుగా వచ్చిన క్రిస్ ఫ్రూమ్‌ని చూసి జనం ఇంకా ఎక్కువ అరిచారు. నాలుగుసార్లు పందెం గెలిచి, 2019లో ఎముకలు విరిగి, 37 ఏళ్ళ వయసులో మళ్ళీ అక్కడ కనబడ్డాడు. వింగెగార్డ్, పొగాచర్ ఒకరి చక్రం ఒకరు వదలకుండా పోయారు.

"వీళ్ళంతా మందులు మింగి తొక్కేవాళ్ళేనటగా?" అన్నాడు మా సీనియరు. ఈ ప్రశ్న మీరూ అడుగుతారు. దాచడానికేం లేదు. 1967లో టామ్ సింప్సన్ వాంతూ కొండ మీద పడి చనిపోయాడు, ఒంట్లో ఉత్తేజకాలు దొరికాయి. ఈ ఆల్ప్ దుయెజ్‌నే సుమారు 37 నిమిషాల్లో ఎక్కిన మార్కో పంతాని 1998 నాటి నమూనాల్లో రక్తాన్ని చిక్కబరిచే మందు ఉన్నట్టు 2013లో ఫ్రెంచి సెనేటు నివేదిక బయటపెట్టింది. ఆయన 2004లోనే పోయాడు. లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ ఏడు విజయాలూ 2012లో కొట్టేశారు. మలుపుల దగ్గర పలకల మీద ఆ పేర్లు ఉన్నాయి. జనం వాటి పక్కన ఫోటోలు దిగుతూనే ఉన్నారు. నాకు దాన్ని చూస్తే ఇబ్బందిగానే ఉంది. ఎదురుగా పోతున్నవాడు నిజాయితీపరుడేనని రోడ్డు పక్కన నిలబడ్డ నేను ప్రమాణం చెయ్యలేను. 300 వాట్ల లెక్క మాత్రం ఎవడికైనా ఒకటే, నొప్పి కూడా.

ఇక పాసు మార్కు. గెలిచినవాడు పట్టించుకున్న సమయానికి, ఆ దశ కష్టాన్ని బట్టి, నూటికి ఇంత అని కలుపుతారు. ఆ గడువులోగా గీత దాటకపోతే మర్నాడు పందెంలో ఉండవు. చదును నేల మీద చివరి క్షణంలో దూకి గెలిచే బలమైన కండలవాళ్ళకి ఈ కొండలు నరకం. వాళ్ళు ఒక గుంపు కట్టి, అంకెలు వేసుకుంటూ, ఇక్కడింత పోగొట్టుకుంటే దిగుడులో అంత రాబట్టుకోవచ్చని బేరీజు వేసుకుంటూ వస్తారు. చాలామంది ప్రేక్షకులు పొగాచర్ పోగానే గుడారాలు పీకడం మొదలెట్టారు. మేం ఉండిపోయాం. అరగంట పైగా గడిచాక వచ్చారు వాళ్ళు. ముఖాల మీద ఉప్పు తెల్లగా పేరుకుపోయింది. ఆఖరున ఒకడు అడుగు వెనకబడి అటూ ఇటూ ఊగుతున్నాడు. మా సీనియరు చప్పున ముందుకొంగి వీపు మీద చెయ్యి వెయ్యబోయాడు. "వద్దన్నా, తోస్తే వాడికి జరిమానా!" అని లాగేశాను. ఆ కుర్రాడు మమ్మల్ని చూడను కూడా లేదు. వాడి వెనక, నెమ్మదిగా, 1910 నుంచీ నడుస్తున్న చీపురు బండి. మానేసినవాళ్ళని ఊడ్చుకుపోయే బండి అది.

ఆరు రోజుల తర్వాత, జూలై 20న, పిరనీస్‌లో పెరాగూద్ కొండ. మా సీనియరు సెలవు పొడిగించుకుని నా గదిలోనే ఉన్నాడు. ఫాబియో యాకబ్సన్ అనే హాలండు వాడు, 2020లో పోలండు పందెంలో కంచెల మీదికి ఎగిరిపడి కోమాలోకి వెళ్ళి, ముఖం మళ్ళీ కుట్టించుకుని వచ్చినవాడు, ఈ టూర్‌లో రెండో దశ గెలిచినవాడు, ఒంటరిగా ఆ నిలువు రోడ్డు ఎక్కుతున్నాడు. తెర మీద గడువు గడియారం తిరుగుతోంది. నిమిషం. నలభై సెకన్లు. సైకిలు కదులుతోందా లేదా అన్నట్టుంది. మేమిద్దరం లేచి నిలబడ్డాం. ఇరవై సెకన్లు కూడా మిగలకుండా గీత దాటాడు. మేం పెట్టిన కేకకి కింది ఇంటి ఆవిడ పైకొచ్చి తలుపు కొట్టింది, ఎవరు గెలిచారని. పొగాచర్ ఆ దశ గెలిచి అప్పటికి చాలాసేపయింది. మేం అరిచింది అందుకు కాదని చెప్పడానికి నా ఫ్రెంచి చాలలేదు.