టైరు మీద రాత చదువుదాం



మన హాస్టలు గదుల్లో సినిమా హీరోల బొమ్మల పక్కన ఒకటో రెండో స్పోర్ట్స్ కార్ల బొమ్మలు కూడా ఉంటాయి. ఆ కారు ఎంత వేగంగా పోతుంది, ఎంత ఖరీదు చేస్తుంది అని అందరమూ మాట్లాడుకుంటాం. కానీ ఇంజను ఎంత గొప్పదైనా రోడ్డును తాకేది నాలుగు టైర్లు మాత్రమే. ఒక్కో టైరు రోడ్డుకు ఆనే చోటు దాదాపు మన అరచేయంత ఉంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా ఆ కాస్త జాగా మీదే ప్రాణం ఆధారపడి ఉంటుంది. అటువంటి టైరును ఎలా పోల్చి చూడాలి, దాని మీది అంకెలకు అర్థం ఏమిటి అన్నదే ఈ వ్యాసం.

పట్టుకూ అరుగుదలకూ పోటీ

ఘర్షణ బలం తాకే వైశాల్యం మీద ఆధారపడదని ఇంటర్‌లో చదువుకున్నాం. గట్టి వస్తువులకు అది చాలావరకు సరిపోతుంది. రబ్బరు మాత్రం ఆ సూత్రానికి పూర్తిగా లొంగదు. అది రోడ్డు మీది సన్నని గరుకుల్లోకి దిగబడి పట్టుకుంటుంది. నలిగి మళ్ళీ లేచేటప్పుడు కొంత శక్తిని వేడిగా పోగొడుతుంది. అందుకే మంచి రేసు టైరు ఘర్షణ గుణకం 1ని కూడా దాటుతుంది.

1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ రబ్బరును గంధకంతో కలిపి వేడిచేస్తే గట్టిపడి నిలుస్తుందని కనుగొన్నాడు. 1888లో డన్‌లప్ గాలి టైరును వాడుకలోకి తెచ్చాడు. ఈనాటి టైరులో రబ్బరుతో పాటు కార్బన్ బ్లాక్, సిలికా వంటివి కలుపుతారు. మిశ్రమం మెత్తగా ఉంటే పట్టు ఎక్కువ, అరుగుదలా ఎక్కువే. గట్టిగా ఉంటే ఎక్కువ కాలం వస్తుంది, పట్టు కొంత తగ్గుతుంది. మెత్తని సుద్దముక్క బోర్డు మీద చక్కగా రాస్తుంది గానీ త్వరగా అయిపోతుంది కదా, ఇదీ అంతే.

ట్రెడ్‌వేర్ అంకె అంటే ఏమిటి?

అమెరికా ప్రభుత్వ నియమాల ప్రకారం అక్కడ అమ్మే చాలా కారు టైర్ల పక్కభాగాన మూడు గ్రేడులు అచ్చు వేస్తారు. మొదటిది ట్రెడ్‌వేర్, అంటే అరుగుదల అంకె. దీనికోసం టెక్సాస్ రాష్ట్రంలోని శాన్ ఏంజలో దగ్గర సుమారు 640 కిలోమీటర్ల దారి ఒకటి నిర్ణయించారు. పరీక్షించే టైర్లనూ, కొలబద్దగా పెట్టుకున్న టైర్లనూ కార్లకు బిగించి, ఆ దారిలో మొత్తం 11,000 కిలోమీటర్లకు పైగా వరుసగా నడిపిస్తారు. కొలబద్ద టైరుకు 100 అనుకుంటే, అందులో సగం వేగంతో అరిగేదానికి 200, పావు వేగంతో అరిగేదానికి 400 వస్తుంది.

రెండో గ్రేడు తడి రోడ్డు మీద బ్రేకు పట్టు: ఎఎ, ఎ, బి, సి. మూడోది వేడిని తట్టుకునే శక్తి: ఎ, బి, సి. ఇందులో ఎ గ్రేడు టైరు గంటకు 185 కిలోమీటర్లు దాటిన వేగంలో పుట్టే వేడిని కూడా తట్టుకుంటుంది.

స్పోర్ట్స్ కార్ల టైర్లనే చూద్దాం. మిషెలిన్ కంపెనీ పైలట్ స్పోర్ట్ 4ఎస్ టైరుకు 300 వేశారు. అదే కంపెనీ రేసు ట్రాకును దృష్టిలో పెట్టుకుని చేసిన పైలట్ స్పోర్ట్ కప్ 2కు 180 ఉంది. అంటే ఒకే దారిలో రెండోది 18 వేల కిలోమీటర్లు వస్తే మొదటిది 30 వేలు రావాలని లెక్క. మామూలు కుటుంబ కార్ల టైర్లకు ఈ అంకె 400 నుంచి 800 దాకా కూడా ఉంటుంది.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. ఈ అంకెను వేసేది ప్రభుత్వం కాదు, టైరు కంపెనీయే. కాబట్టి ఒకే కంపెనీ టైర్లను పోల్చడానికి ఇది బాగా పనికొస్తుంది, వేర్వేరు కంపెనీల మధ్య అంత నమ్మకంగా చెప్పలేం. రెండోది, ఇది కిలోమీటర్ల హామీ కాదు. టెక్సాస్ రోడ్డు వేరు, మన రోడ్డు వేరు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు జరిగింది. మన దేశంలో అదే మొదటి ఫార్ములా ఈ రేసు. ఆ కార్లన్నిటికీ హాంకూక్ కంపెనీ టైర్లే. ఎండకూ వానకూ ఒకే రకం, గాళ్ళు ఉన్న టైరు వాడారు. అందరికీ ఒకే టైరు ఇచ్చినప్పుడు, దాన్ని అరగనీయకుండా ఎవరు నడుపుతారన్నది కూడా డ్రైవరు నేర్పే.

మన అవుకు సంగతి

స్పోర్ట్స్ కారు మనకు దూరమే కావచ్చు. కానీ అవుకు, బనగానపల్లె, కొలిమిగుండ్ల, బేతంచెర్ల దారుల్లో నాపరాళ్ళ లారీలు, ట్రాక్టర్లు, ఆటోలు రోజూ తిరుగుతాయి. మనలో చాలామంది ఇళ్ళు ఆ బండ్ల మీదే బతుకుతున్నాయి. లారీ, ఆటో, మోటారు సైకిల్ టైర్లకు ట్రెడ్‌వేర్ అంకె ఉండదు. కానీ చదవవలసిన రాత వాటి మీద కూడా ఉంది.

మా నాయన ట్రాక్టరు డ్రైవరు, బడికి పోలేదు. ఒకసారి ఒక షాపులో ఆటో కోసం పాత టైరు బేరం చేశారు. గాళ్ళు లోతుగా, కొత్తదానిలా మెరుస్తూ ఉంది. పక్కన నాలుగు అంకెలు చూస్తే 1413 అని ఉంది. అంటే 2013లో 14వ వారం తయారైంది, అప్పటికే తొమ్మిదేళ్ళు దాటింది. రబ్బరు వాడకపోయినా ఎండకూ గాలికీ గట్టిపడి పగుళ్ళిస్తుంది. టైరు వెనక్కి ఇచ్చేశాం. మా ఇంట్లో నేనే మొదట డిగ్రీ చదివినవాణ్ణి. ఆ చదువు ఇంటికి అక్కరకొచ్చిన రోజుల్లో అది ఒకటి.

టైరు కొనేటప్పుడు, వాడేటప్పుడు ఈ విషయాలు గుర్తుంచుకోండి.

1. సైజు: 185/65 ఆర్ 15 88 హెచ్ అని ఉంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 65 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 15 అంగుళాలు. 88 అంటే ఒక్క టైరు 560 కిలోలు మోస్తుంది. హెచ్ అంటే గరిష్ఠ వేగం గంటకు 210 కిలోమీటర్లు.

2. వయసు: చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

3. లోతు: గాళ్ళ అడుగున చిన్న రబ్బరు కట్టలు ఉంటాయి. కారు టైరు వాటి దాకా అరిగితే 1.6 మిల్లీమీటర్లే మిగిలిందని అర్థం. ఇక మార్చాల్సిందే. నున్నబడిన టైరు వానలో నీటిని పక్కకు నెట్టలేదు, బండి నీటి మీద తేలి జారుతుంది.

4. గాలి: తక్కువైతే రెండు అంచులూ, ఎక్కువైతే నడిమి భాగమూ అరుగుతాయి. గాలి తక్కువ, లోడు ఎక్కువ, పైన మే నెల ఎండ, ఈ మూడూ కలిస్తే టైరు లోపల వేడి పెరిగి పేలుతుంది. బండి తీయకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి.

5. ధర: 3,000 రూపాయల టైరు 20 వేల కిలోమీటర్లు వస్తే కిలోమీటరుకు 15 పైసలు. 4,000 రూపాయల టైరు 40 వేలు వస్తే 10 పైసలే. చౌక ఏదో లెక్క వేసి చూడండి.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు మీ ఇంటి బండి, లేదా పక్కింటి ఆటో టైరు దగ్గర ఒక్కసారి కూర్చుని దాని మీది రాత చదవండి. మీ నాయనకు, అన్నకు అర్థమయ్యేలా చెప్పండి. పరీక్షలో మార్కులు తెచ్చే చదువు మంచిదే. మన ఇంటి మనిషిని రాత్రికి క్షేమంగా ఇల్లు చేర్చే చదువు కూడా మనకు కావాలి.

అందరికీ వసతి గృహ వార్షికోత్సవ శుభాకాంక్షలు.

- పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. (భౌతికశాస్త్రం), అవుకు