కణుజు కొమ్ములు

కణుజు లేదా సాంబార్ (శాస్త్రీయ నామం: రూసా యూనికలర్) భారతదేశపు జింకలలోకెల్లా పెద్దది. దక్షిణ భారతంలోని బ్రిటిషు వేటగాళ్ళు దీనిని "ఎల్క్" అనేవారు. ఐరోపా, ఉత్తర అమెరికాలలో ఎల్క్ అనబడే జంతువులు వేరు.

కొమ్ములు

మగవాటికి మాత్రమే కొమ్ములుంటాయి. ఒక్కొక్క కొమ్ముకు సాధారణంగా మూడు మొనలుంటాయి. పొడవు 1 మీటరు దాటవచ్చు. ఇవి ఎముకతో ఏర్పడి, సాధారణంగా ఏటా రాలి తిరిగి మొలుస్తాయి. వీటి పరిమాణం వయసుతో పాటు మేతపైనా ఆధారపడుతుంది. అందువలన కొమ్మును బట్టి వయసు కచ్చితంగా చెప్పలేము.

వేట

హైదరాబాదు సంస్థానంలో పాకాల అడవి నిజాముల వేటస్థలంగా ఉండేది. 1952లో అది అభయారణ్యమైనది. రాలిపోయే కొమ్ముల కొరకు వేటగాళ్ళు బలిష్ఠమైన మగవాటినే చంపేవారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కణుజు వేటను అనుమతి పత్రాలకు పరిమితం చేసింది. 1991 సవరణ దానిని పూర్తిగా నిషేధించింది.