ఓటు వేసే ముందు... ఒక్క కాగితం!

పులస కొంటే మొప్పలెత్తి చూస్తాం. పిల్లనిస్తే అటు ఏడు తరాలూ ఆరా తీస్తాం. మరి ఐదేళ్లపాటు మన తరఫున మాట్లాడే మనిషి గురించి? ఆ వివరాలు చూసే హక్కును కూడా ఎవరో మనకోసం పోరాడి తెచ్చారు. ఆ కథే ఇది.

వరద నీరు ఎర్రబడిందంటే నరసాపురంలో పులస మాట మొదలవుతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కదా! అయితే పుస్తెలమ్మడానికైనా సిద్ధపడ్డవాడు సరుకు చూడకుండా మాత్రం కొనడు. మొప్పలెత్తి చూస్తాడు. పొట్ట నొక్కి చూస్తాడు. ‘ఇది మన గోదారిదేనా, ఐసులో వచ్చిన ఒడిశా ఇలసా?’ అని నాలుగుసార్లు అడుగుతాడు. అమ్మేవాడు ‘ఆయ్, ఒట్టండీ బాబూ’ అన్నా ఒక పట్టాన నమ్మడు.

అదే మనిషిని ఎన్నికల రోజున అడగండి. ‘మీరు ఓటేసిన అభ్యర్థి ఏం చదివాడండీ? అప్పులెన్ని ఉన్నాయి? కేసులేమైనా ఉన్నాయా?’ చాలామంది నవ్వి ఊరుకుంటారు. పార్టీ తెలుసు, గుర్తు తెలుసు, కులం తెలుసు. మనిషి గురించి మాత్రం గాలి కబుర్లే.

అలాగని ఇక్కడి ఓటరు అమాయకుడేం కాదు. 1999 నుంచి 2024 దాకా నరసాపురం లోక్‌సభ స్థానానికి ఆరుసార్లు సాధారణ ఎన్నికలు జరిగాయి. ఆరుసార్లూ గెలిచింది ఆరుగురు వేర్వేరు వ్యక్తులు! కృష్ణంరాజు, చేగొండి హరిరామజోగయ్య, కనుమూరి బాపిరాజు, గోకరాజు గంగరాజు, రఘురామకృష్ణరాజు, భూపతిరాజు శ్రీనివాసవర్మ... ఎవరికీ వరసగా రెండోసారి దక్కలేదు. ఇంతమందిని మార్చి చూసినా, 2024 ఎన్నికల నాటికీ మాధవాయిపాలెం రేవు నుంచి సఖినేటిపల్లి వెళ్లాలంటే పంటు ఎక్కాల్సిందే. లేదంటే చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరగాలి. వశిష్ఠ మీద ఇక్కడో వంతెన అన్నది దశాబ్దాలుగా ప్రతి ఎన్నికలోనూ వినిపించే మాట.

మనుషుల్ని మార్చడం మనకు వచ్చు. ముందే తెలుసుకుని ఎంచుకోవడం, ఎంచుకున్నాక అడగడం... వీటిలోనే వెనకబడ్డాం. ఈ వెలితిని పూడ్చాలనే పాతికేళ్ల కిందట కొందరు బయల్దేరారు.

పార్టీ కాని ‘సత్తా’

1996లో జయప్రకాశ్‌ నారాయణ్‌ అనే ఐఏఎస్‌ అధికారి ఉద్యోగానికి రాజీనామా చేశారు. చదివింది వైద్యం. చేసింది కలెక్టరు గిరీ. రోగం మందుల్లో కాదు, వ్యవస్థలో ఉందని తేల్చుకుని మిత్రులతో కలిసి ‘లోక్‌సత్తా’ ఉద్యమాన్ని ప్రారంభించారు. జెండా లేదు. అభ్యర్థులు లేరు. ‘ఫలానావారికి ఓటెయ్యండి’ అన్న మాట అసలే లేదు. ఎవరికి వేసినా తెలిసి వెయ్యండి... అంతే!

1999 అసెంబ్లీ, లోక్‌సభ ఎన్నికల్లో ఈ సంస్థ ‘ఎలక్షన్‌ వాచ్‌’ చేపట్టింది. పార్టీలు నిలబెట్టిన అభ్యర్థుల్లో నేరచరిత్ర ఉన్నవారి పేర్లు సేకరించి బయటపెట్టింది. అప్పట్లో అది మామూలు విషయం కాదు. నామినేషను పత్రంలో కేసుల ఊసు చెప్పాలన్న నిబంధనే లేదు మరి! వివరాలు కావాలంటే స్టేషన్ల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరగాలి. పేరు బయటపెడితే ఎదురయ్యే బెదిరింపులకూ తట్టుకోవాలి. చాలాచోట్ల అభ్యర్థులందరినీ ఒకే వేదిక మీద కూర్చోబెట్టి, జనంతో ప్రశ్నలు అడిగించడం కూడా అప్పుడే మొదలైంది. మైకు ముందు జేజేలు కొట్టడమే తెలిసిన జనానికి, అదే మైకు పట్టుకుని నిలదీయడం కొత్త అనుభవం.

అటు సుప్రీం, ఇటు సర్కారు

సరిగ్గా ఆ ఏడాదే అహ్మదాబాద్‌ ఐఐఎం ఆచార్యులు కొందరు ‘అసోసియేషన్‌ ఫర్‌ డెమొక్రాటిక్‌ రిఫార్మ్స్‌’ (ఏడీఆర్‌) పేరుతో ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. అభ్యర్థుల కేసులు, ఆస్తులు, చదువు ఓటరుకు తెలియాలన్నది వారి వాదన. 2000 నవంబరులో హైకోర్టు సరేనంది. కేంద్రం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2002 మే 2న అక్కడా అదే తీర్పు. తెలుసుకోవడం ఓటరు హక్కు!

కథ అక్కడితో ముగిస్తే బాగుండేది. ఆ తీర్పు పదును తగ్గించడానికి ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. రాష్ట్రపతి అబ్దుల్‌ కలాం సంతకం చేయకుండా ఒకసారి తిప్పి పంపారు. రెండోసారి అదే కాగితం వస్తే సంతకం తప్పలేదు. తర్వాత పార్లమెంటూ చట్టం చేసింది. పౌరసంఘాలు మళ్లీ కోర్టు మెట్లెక్కాయి. 2003 మార్చి 13న సుప్రీంకోర్టు ఆ అడ్డుకట్ట వేసిన సెక్షన్‌ను కొట్టేసింది. అలా 2004 సాధారణ ఎన్నికల్లో ప్రతి అభ్యర్థీ అఫిడవిట్‌ ఇవ్వక తప్పలేదు.

ఇప్పుడు మనం సెల్‌ఫోన్‌లో ఒక్క మీటతో చూసే ‘ఫారం-26’ వెనక ఇంత కథ ఉంది.

కేసు ఉంటే నేరస్థుడేనా?

కాగితం చేతికొచ్చింది. చదవడం ఎలా? ఇక్కడే చాలామంది పొరబడతారు. కేసుల సంఖ్య చూసి బెంబేలెత్తిపోతారు. లేదా ‘అన్నీ రాజకీయ కేసులేలే’ అని కొట్టిపారేస్తారు. రెండూ తప్పే.

దూరమెందుకు? భీమవరం దగ్గర తుందుర్రు సంగతే చూడండి. కాలవలు పాడవుతాయంటూ 2016లో ఆక్వా ఫుడ్‌పార్కుకు వ్యతిరేకంగా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కదిలారు. 144 సెక్షన్‌ పెట్టారు. జనం మీద కేసులు పడ్డాయి. ఆ ఊరి మనిషెవరైనా రేపు సర్పంచిగానో, ఎమ్మెల్యేగానో నిలబడితే ఆ కేసూ కాగితంలోకి ఎక్కుతుంది. దాన్నీ, హత్యాయత్నం కేసునూ ఒకే గాటన కట్టగలమా? అందుకే లెక్క చూసి ఊరుకోకూడదు. ఏ సెక్షను, ఏ కోర్టు, ఏ దశలో ఉంది అన్న గడులు చదవాలి. అభియోగాలు నమోదయ్యాయా? శిక్ష పడిందా? అసలు సంగతి అక్కడుంటుంది.

ఆస్తుల పట్టికా అంతే. ఈసారి కాగితాన్ని ఒక్కదాన్నే చూస్తే ఏమీ తెలీదు. ఐదేళ్ల కిందటి కాగితం పక్కన పెట్టండి. పెరిగిన ఆస్తినీ, ఆదాయపు పన్ను లెక్కల్లో చూపిన రాబడినీ సరిచూడండి. ప్రశ్నలు వాటంతటవే పుడతాయి.

కాగితాలు పెరిగాయి... కేసులూ పెరిగాయి!

మరి ఇన్నేళ్ల ఈ కసరత్తుతో ఫలితమేంటి? ఏడీఆర్‌ విశ్లేషణ ప్రకారం 2009లో గెలిచిన లోక్‌సభ సభ్యుల్లో 30 శాతం మంది మీద క్రిమినల్‌ కేసులుండేవి. 2024కి ఆ సంఖ్య 543లో 251కి, అంటే 46 శాతానికి చేరింది. ఆంధ్రప్రదేశ్‌లో పరిశీలించిన 174 మంది ఎమ్మెల్యేల్లో 138 మంది కేసులున్నట్టు స్వయంగా ప్రకటించారు. దేశంలో ఏ రాష్ట్రంలోనూ ఇంత శాతం లేదు. వీటిలో ధర్నాల కేసులూ, అధికారం చేతులు మారినప్పుడు పడే కేసులూ కలిసే ఉంటాయి. అయినా ఇది గొప్పగా చెప్పుకునే రికార్డు కాదు.

వివరాలు తెలిసినంత మాత్రాన ఓటు మారదని తేలింది. ‘మనవాడు’ అన్న ఒక్క మాట ముందు ఎన్ని పేజీల అఫిడవిట్టయినా దిగదుడుపే. పోలింగు ముందు రాత్రి కవరు వచ్చిందంటే సరేసరి. ఇవ్వడమే కాదు, పుచ్చుకోవడమూ నేరమేనని చట్టం చెబుతున్నా వినే చెవులు తక్కువ.

లోక్‌సత్తాకూ ఇదే చిక్కు ఎదురైంది. గట్టున నిలబడి చెబితే ఎంతకాలం? నీళ్లలో దిగితే తప్ప మార్పు రాదనుకుని 2006 అక్టోబరు 2న రాజకీయ పార్టీగా మారింది. 2009లో జయప్రకాశ్‌ నారాయణ్‌ కూకట్‌పల్లి నుంచి ఎమ్మెల్యేగా గెలిచారు. పార్టీకి దక్కింది ఆ ఒక్క స్థానమే. దిగడం తప్పా, ఒప్పా అన్నది ఎవరి అభిప్రాయం వారిది. ఒకటి మాత్రం నిజం. పోటీకి దిగాక అభ్యర్థులందరినీ ఒక వేదిక మీదకు పిలిచే పెద్దరికం ఉండదు. తూకం వేసేవాడు తానే సరుకు అమ్మితే ముల్లును ఎవరు నమ్ముతారు? పార్టీలకు అతీతంగా ఉండే పౌరసంఘం అవసరం అందుకే తీరలేదు.

లేసు లెక్క... ఓటు లెక్క

ఆ పనికి పెద్ద సంస్థే అక్కర్లేదు. వీధికి పదిమంది చాలు. నరసాపురం చుట్టుపక్కల పల్లెల్లో అరుగుల మీద కూర్చుని లేసు అల్లే ఆడవాళ్లు కనిపిస్తారు. వాళ్లమీద జర్మన్‌ సామాజికవేత్త మరియా మీస్‌ 1982లో ఏకంగా పుస్తకమే రాశారు. గంటల తరబడి ప్రపంచ మార్కెట్‌కు సరుకు తయారుచేస్తున్నా, ‘ఇంట్లో ఖాళీగా కూర్చున్నవాళ్లు’గానే చూస్తున్నారన్నది ఆమె గమనించిన సంగతి. వాళ్ల పని లెక్కలోకి రాలేదు. ఓటు మాత్రం అందరి ఓటుతో సమానమే! నలుగురు చేరే ఆ అరుగు మీదే ఫోనున్న పిల్ల ఒకతె నాలుగు అఫిడవిట్లు పైకి చదివితే చాలు. అంతకుమించిన ఓటరు అవగాహన సదస్సు ఏముంటుంది?

చదవాల్సింది అభ్యర్థి కాగితమే కాదు. ఓటర్ల జాబితా కూడా. ఇక్కడి నుంచి ఎందరో ఆడవాళ్లు గల్ఫ్‌కు పనికి వెళ్లారు. ప్రవాస భారతీయులుగా నమోదు చేసుకునే వీలు 2011 నుంచీ ఉన్నా, ఓటెయ్యాలంటే స్వయంగా రావాల్సిందే. వాళ్ల పేరు జాబితాలో ఉందా, పోయిందా? వాళ్ల పేరున ఇంకెవరైనా వేస్తున్నారా? ఇది చూడాల్సింది ఊళ్లో ఉన్న మనమే. 2019 ఎన్నికల ముందు రాష్ట్రంలో పేర్ల తొలగింపు కోసం లక్షల్లో ఫారం-7 దరఖాస్తులు పడి ఎంత దుమారం రేగిందో గుర్తుంది కదా!

2024 మే 13న రాష్ట్రంలో దాదాపు 82 శాతం మంది ఓటేశారు. ఎండలో గంటలకొద్దీ నిలబడ్డారు. అంత ఓపికున్న మనకు, అంతకుముందు ఓ అరగంట కూర్చుని ఒక కాగితం చదివే ఓపిక ఉండదా?

చేప మొప్పలు ఎర్రగా ఉన్నాయో లేదో చూడ్డానికి ఎవరి అనుమతీ అడగం. అభ్యర్థి విషయంలోనూ అడగక్కర్లేదు... కోర్టు 2002లోనే చెప్పింది. ఎత్తి చూడ్డమే మిగిలింది!

ఇవి చూసుకోండి

* జాబితాలో కొత్తగా పేరు చేర్చడానికి ఫారం-6, అభ్యంతరానికీ తొలగింపుకీ ఫారం-7, తప్పుల సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం-8. ప్రవాసులకు ఫారం-6ఎ.

* 18 ఏళ్లు నిండినవారికి ఏడాదిలో నాలుగు అర్హత తేదీలు: జనవరి 1, ఏప్రిల్‌ 1, జులై 1, అక్టోబరు 1.

* అభ్యర్థి అఫిడవిట్లు ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లోనూ, రిటర్నింగ్‌ అధికారి కార్యాలయం నోటీసు బోర్డులోనూ ఉంటాయి.

* కేసులున్నవారిని నిలబెడితే, లేనివారిని ఎందుకు ఎంచుకోలేదో పార్టీలు కారణం చెప్పాలని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ కారణం కూడా చదవండి!

* ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి ‘నోటా’ మీట ఉంది.