ఆక్సైడు మీద ఆమ్లము పట్టు

చింతపండుతో తోమినంతనే నల్లబడిన రాగిచెంబు ఎఱ్ఱగా మెఱయుట మన ఇండ్లలో నిత్యము చూచునదే. ఇందుకు పులుపే చాలునని తోచును గాని, చింతపండులోని టార్టారిక్ ఆమ్లపు అణువులు రాగి ఆక్సైడు ఉపరితలమునకు అంటుకొని, అందలి రాగి అయాన్లను పట్టి నీటిలోనికి లాగుటయు ఆ పనిలో భాగమే. ఇట్లు ఘనపదార్థపు ఉపరితలమున అణువులు నిలిచిపోవుటను అధిశోషణమందురు.

నీట మునిగిన ఆక్సైడు మేను హైడ్రాక్సిలు సమూహములతో నిండియుండును. నీరు ఆమ్లగుణము గలదైనచో అవి ప్రోటానులను గ్రహించి ధనావేశమును, క్షారగుణము గలదైనచో ప్రోటానులను విడిచి ఋణావేశమును పొందును. ఆవేశము శూన్యమగు పీహెచ్ సిలికాకు సుమారు 2, టైటానియం డయాక్సైడుకు 6, అల్యూమినాకు 9. అయినను ఆవేశాల ఆకర్షణ ఒక్కటే సర్వస్వము కాదు. సేంద్రియామ్లములోని కార్బాక్సిలు సమూహము హైడ్రాక్సిలును త్రోసివేసి, లోహపు అయానుతో నేరుగా బంధమేర్పరచుకొనగలదు. ఈ రెండవ పట్టే గట్టిది.

దీని బలమును చూపుటకు నాసాలో పనిచేసిన స్టీవ్ పాపెల్ అను ఇంజనీరు కృషిని మించిన ఉదాహరణము నాకు తోచదు. భారరహితస్థితిలో రాకెట్టు ఇంధనమును అయస్కాంతముతో పంపువైపు లాగవచ్చునన్న ఊహతో 1963 ప్రాంతమున ఆయన మాగ్నటైటు పొడిని, కిరసనాయిలును, ఒలియిక్ ఆమ్లమును కలిపి గుండ్లమరలో దీర్ఘకాలము నూరించెను. నానోమీటర్లలో కొలువదగినంత సన్నని ఆ రేణువులను ఆమ్లాణువుల తలలు పట్టుకొనగా, 18 కార్బనుల గొలుసుతోకలు కిరసనాయిలులోనికి చాచుకొని, రేణువులను ఒకదానినొకటి చేరనీయక నిలిపినవి. అయస్కాంతము దగ్గఱకు తెచ్చినచో ఆ నల్లని ద్రవము ముండ్లుముండ్లుగా లేచును! స్టియరిక్ ఆమ్లమునకును 18 కార్బనులే గలవు. కాని దాని తోక తిన్ననిదగుటచే ఈ పనికి అంతగా అక్కఱకు రాదు. ఒలియిక్ ఆమ్లపు తోకకు నడుమనున్న వంపే మేలు చేసినదని చెప్పుదురు. రాకెట్టు సంగతి యటుండ, ఈ ద్రవము నేడు లౌడుస్పీకర్లలో వాడుకలోనున్నది.

పాలిమరుల తీరు వేఱు. పాలీఅక్రిలిక్ ఆమ్లమువంటి దీర్ఘశృంఖలము అనేక స్థలములందు అంటుకొనును. ఒక్కొక్క పట్టు దుర్బలమైనను అన్నియు ఒక్కసారి వదలవు గనుక, నీటితో కడిగినంతమాత్రమున అది ఊడిరాదు. శృంఖలము బల్లపరుపుగా పండుకొన్నచో పట్టదగినదానికంటె ఎక్కువ పదార్థము అంటుకొనుచుండుట గమనించి, 1951లో జెంకెల్, రుంబాఖ్ అనువారు అది వంకీలు వంకీలుగా పైకి లేచియుండునని చెప్పిరి. కొంత పఱచుకొని, కొంత వంకీయై, కొనలు ద్రవమున తేలుచుండుననుట నేటి చిత్రము.

అల్యూమినా పింగాణి చేయువారు ముద్దలో పాలీఅక్రిలేటును తగుపాళ్లలో కలిపి రేణువులను విడివిడిగా ఉంచుదురు. చాలీచాలక కలిపినచో ఒక్క శృంఖలమే రెండు రేణువులను పట్టుకొని ముద్ద గట్టిపడును. బురదనీటిని తేర్చువారికి ఆ కలయికయే కావలెను. అందుచేత వారు పాలిమరును మిక్కిలి స్వల్పముగా వేయుదురు, మోతాదు మించెనా రేణువులన్నియు నిండుగా కప్పబడి మడ్డి మరల అడుగునకు దిగదు.